పెంపుడు పాము

గడచిన నాగుల చవితినాడు మా వీధికి ఒక పాములవాడు వచ్చి బుట్ట మూత తీసెను. నాగుబాము పడగ విప్పి నిలిచెను. ఇల్లాండ్రు పసుపు కుంకుమలు చల్లిరి. ఒకామె పాలు పోసెను. "ఇది నా బిడ్డలాంటిది బాబయ్యా, పెంచుకొన్నాను, ఎవరినీ కరవదు" అని వాడు దానిని మెడలో వేసికొనెను. నేనును పది రూపాయలిచ్చితిని. అప్పుడు మా చిన్నది, "నాన్నగారూ, అది ఆడుతోందా, భయపడుతోందా?" అని అడిగెను. వెంటనే బదులు చెప్పలేకపోతిని.

ఆలోచింపగా బిడ్డ యనుమానమే నిజమని తేలినది. నాగుబాము పడగ విప్పుట ఆనందముచేత గాదు. ఆపద తోచినప్పుడు ఎదుటివానిని బెదరించుటకు. దానికి వెలిచెవులు లేవు. అది యూగునది నాగస్వరపు రాగమునకు గాదు, తన యెదుట కదలెడి వాద్యమును కనిపెట్టుటకు. పాలు దాని యాహారము కావు. కరవకుండుటయు మచ్చిక వలన గాదు. ఇట్టి పాములలో పెక్కింటికి కోరలు ఊడబెరుకుదురు, కొన్నింటికి నోరు కుట్టుదురు. మనము నాట్యమనుకొన్నది భయము, శాంతమనుకొన్నది గాయము.

కావున "పెంపుడు" అను మాటను పరీక్షింపవలసియున్నది. కుక్క వేలయేండ్లుగా మనుష్యుని చెంత బ్రదుకుచున్నది. వీధిలోనికి పోవుదమన్న తోక యాడించును. పాము పుట్టను విడిచి మనలను వెదకికొని రాలేదు. రానొల్లని ప్రాణిని బుట్టలో మోసికొనిపోవుట పెంపకము కాదు, చెర.

మరియు వీధి యందరిది. భయపడువానిని పిరికివాడని నవ్వుట సులభము. కాని మన దేశమున 2000 మొదలు 2019 వరకు పాముకాటుచే సుమారు 12 లక్షలమంది మరణించిరని పరిశోధకుల యంచనా. అట్టిచోట ఆ భయము అవివేకము కాదు. తన ధైర్యమును చూపుకొనుటకై పరులను భయపెట్టుట శౌర్యమును కాదు.

"అయిన వాని కూటి మాట యేమి?" అని చదువరులడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వలన ఈ వృత్తి నిషిద్ధమైనది. కాని పామును విడిపించి మనుష్యుని పస్తుంచుట పూర్ణమైన దయ యనిపించుకొనదు. తమిళనాట ఇరుళజాతివారికి 1978లో ఒక సహకార సంఘమేర్పడెను. వారు అనుమతితో పాములను పట్టి, విషము తీసి, మరల విడిచిపెట్టుదురు. ఆ విషముతోనే కాటునకు మందు చేయుదురు. 2023లో ఆ జాతివారిలో ఇద్దరికి పద్మశ్రీ బిరుదము లభించెను. తాతలనాటి నేర్పు ప్రాణిని హింసింపకయే గౌరవమును, కూడును తేగలదనుటకు ఇది నిదర్శనము.

మరునాడు బిడ్డతో, "అది భయపడుచున్నదమ్మా" అంటిని. "మరి డబ్బులెందుకిచ్చావు నాన్నా?" అని యది యడిగెను. పాములవాడు బుట్టను తెచ్చునది మన కాసు కొరకే. ఆ దోషములో మనకును పాలు గలదు. వచ్చు చవితికి వాని చేతికి వేరొక పని చూపుట మన విధి. అది చేయక తలుపు మాత్రము మూసికొన్నచో మనము సంస్కర్తలము కాము, నిర్దయులము.