రెండు ఏటిగట్ల క్రిస్మస్

జర్మనీలో డిసెంబరు 24 మధ్యాహ్నం రెండు దాటితే దుకాణాలు మూసేస్తారు. చాలా రాష్ట్రాల్లో అది చట్టమే. ఆపై 25, 26 రెండూ సెలవులు. సంగతి తెలియక పాలు, బ్రెడ్డు కొందామని ఆ సాయంత్రం బయల్దేరిన బందరు విద్యార్థికి వీధిలో మనిషి అలికిడి వినపడదు. కిటికీల్లో దీపాలు మాత్రం కనిపిస్తాయి. లోపల ఒక్కో కుటుంబం తన చెట్టు చుట్టూ చేరి ఉంటుంది. ఆ సాయంత్రాన్ని వాళ్లు ‘హైలిగాబెండ్’ అంటారు. అది ఇంటివాళ్ల పండుగ.

అక్కడ సాయంత్రం ఆరయితే బందరులో రాత్రి పదిన్నర. అర్ధరాత్రి ఆరాధనకు మైకు సరిచేస్తుంటారు. కొత్తబట్టల పిల్లలు నిద్ర ఆపుకుంటూ చాపల మీద కూర్చుంటారు. డిసెంబరు మొదట్లోనే సెమీ క్రిస్మస్‌లు మొదలై, గుడివాడ పేటల్లోనూ దివిసీమ పల్లెల్లోనూ కేరల్స్ బృందాలు ఇంటింటికీ తిరిగి పాడేసి ఉంటాయి. ఇక్కడ పండుగ వీధిలోనే పుడుతుంది.

జర్మనీలో చదివే విదేశీయుల్లో ఇప్పుడు భారతీయులే అందరికన్నా ఎక్కువ. 2023-24 శీతాకాలంలో వాళ్లు సుమారు 49 వేలమంది. వాళ్లలో మన డెల్టా పిల్లలూ ఉన్నారు. చిన్నప్పటి నుంచి గ్రీటింగు కార్డుల మీద మంచునూ దేవదారు చెట్టునూ చూసి పెరిగిన క్రైస్తవ యువకుడు అక్కడ దిగినప్పుడు, అసలు క్రిస్మస్ దగ్గరికి వచ్చాననుకోవడం సహజం. అయితే ఇంటి దగ్గర చేసుకున్నది నకలా?

ఈ ప్రశ్నకు జవాబు జర్మన్ మాట్లాడే మరో దేశంలోనే దొరుకుతుంది. ఆస్ట్రియాలో సాల్జాక్ నది ఒడ్డున ఓబెర్న్‌డోర్ఫ్ అనే ఊరుంది. ఉప్పు పడవల మీద బతికిన పడవవాళ్ల ఊరు. నెపోలియన్ యుద్ధాలు ఆ ప్రాంతాన్ని పీల్చి పిప్పి చేశాయి. 1816లో నది మీదుగా కొత్త సరిహద్దు గీయడంతో ఆ ఊరు అవతలి ఒడ్డునున్న లౌఫెన్ నుంచి విడిపోయింది. వేసవి ఎరగని ఏడాదిగా యూరప్ గుర్తుపెట్టుకున్నదీ 1816నే. ఆ ఏడాదే యోసెఫ్ మోర్ అనే యువ గురువు ఒక గీతం రాసుకున్నాడు. 1818 డిసెంబరు 24న బడిపంతులు ఫ్రాంజ్ గ్రూబెర్ దానికి బాణీ కట్టాడు. ఆ రాత్రి ఇద్దరూ గిటారు మీద పాడి వినిపించారు. మన చర్చిల్లో ‘శుద్ధరాత్రి’గా పాడుకునేది ఆ పాటనే.

ఆ పాట పుట్టిన గుడి ఇప్పుడు లేదు. సాల్జాక్ వరదలు పదేపదే ముంచెత్తితే ఊరిని కాస్త ఎగువకు తరలించి పాత గుడిని కూల్చేశారు. ఆ చోట చిన్న స్మారక మందిరం నిలిచింది.

ఏటిగట్టు, ఉప్పు, పడవలు, వరద. దివిసీమవాళ్లకు ఈ కథ ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. ప్రభుత్వ లెక్కలోనే పదివేలమంది వరకు పోయారు. సరిగ్గా 36 రోజులకు క్రిస్మస్. ఆ రాత్రి అక్కడ ‘శాంతి’ అన్న మాట పలికినవాళ్లకూ, 1818లో ఓబెర్న్‌డోర్ఫ్ పడవవాళ్లకూ ఉన్న చుట్టరికం కార్డు మీది మంచుతో వచ్చింది కాదు. బేత్లెహేము ఆసియాలోనే ఉంది. సువార్తల్లో దేవదారు చెట్టు లేదు. ఆ చెట్టు జర్మనుల ఆచారం, మనకు ఆంగ్లేయుల మీదుగా చేరింది. 1841లో బందరు వచ్చిన మిషనరీలు రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ ఆంగ్లేయులే. కాబట్టి నకలు అన్న మాట చెల్లదు. సువార్త ఏ ఒడ్డున దిగితే ఆ ఒడ్డు బాధతోనే పలుకుతుంది.

అయినా మనది వీధి పండుగ గనుక మనమే మెరుగని గర్వపడే ముందు ఒకమాట. క్రీస్తు జననకథలో నడిచేది ప్రయాణికులు. వాళ్లకు సత్రంలో చోటు దొరకలేదు. జర్మనీలో ఆ సాయంత్రం ఇళ్లు మూసుకున్నా చర్చి తలుపు తెరిచే ఉంటుంది. ఎవరైనా వెళ్లి వెనక బల్ల మీద కూర్చోవచ్చు. రైల్వే స్టేషన్లలో ‘బాన్‌హోఫ్స్‌మిషన్’ అనే చర్చి సేవాసంస్థ ఉంది. 1894లో బెర్లిన్‌లో మొదలైన ఆ సంస్థ, దారి తప్పినవాళ్లకూ దిక్కులేనివాళ్లకూ వేడి టీ ఇచ్చి కూర్చోబెడుతుంది. చర్చి సభ్యత్వం జనాభాలో సగానికన్నా తగ్గిపోయిన దేశంలోనూ ఆ పని సాగుతోంది.

మరి మన దగ్గర? ఒకే ఊళ్లో మాలపల్లె చర్చి వేరు, మాదిగపల్లె చర్చి వేరుగా ఉన్నచోట్లు ఇంకా ఉన్నాయి. పొరుగువాడిచ్చిన బేకరీ కేకు పుచ్చుకుని, అతని ఇంట వండిన అన్నం దగ్గర తడబడే చేతులూ ఉన్నాయి. మైకులో వినిపించే ఆహ్వానం అందరిదీ. పంక్తిలో విస్తరి మాత్రం అందరికీ పడటం లేదు. జర్మనీ తలుపుల్ని తప్పుపట్టే హక్కు ఈ తేడా పోయినప్పుడే మనకు వస్తుంది.

జర్మనీలో ఉన్న పిల్లలకు విన్నపం. 24 ఉదయమే సరుకులు కొనుక్కోండి, సాయంత్రం దగ్గర్లోని చర్చికి వెళ్లండి, పక్క గదిలో ఒంటరిగా మిగిలిన విద్యార్థి ఏ మతంవాడైనా భోజనానికి పిలవండి. బందరు, గుడివాడ, దివిసీమల్లోని సంఘపెద్దలకు ఇంకొకటి. ఈ ఏడు క్రిస్మస్ భోజనాన్ని రెండు పల్లెల చర్చిలూ కలిసి, ఒకే పొయ్యి మీద వండించండి.