సంఖ్యాబలమూ న్యాయమూ

ఒకరి వివాహ హక్కును పదిమంది సమ్మతి నిర్ణయించదగునా? 2023 ఏప్రిల్‌లో భారత బార్ కౌన్సిల్, స్వలింగ వివాహాన్ని దేశంలో 99.9 శాతానికి పైగా ప్రజలు వ్యతిరేకిస్తున్నారని పేర్కొంటూ, విషయాన్ని శాసన వ్యవస్థకే విడిచిపెట్టాలని తీర్మానించింది. పలు న్యాయ విద్యాలయాల విద్యార్థులు దానిని ఖండించారు. మతవిధులతో నిమిత్తం లేని 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం పరిధిలోనే ఈ వివాదాన్ని విచారించిన సుప్రీంకోర్టు, వివాహం ప్రాథమిక హక్కు కాదని, చట్టం చేయవలసినది పార్లమెంటేనని అక్టోబరు 17న తీర్పు చెప్పింది.

1881లో రాజమహేంద్రవరంలో వీరేశలింగం వితంతు వివాహం జరిపించినప్పుడు లోకం ఎదురు తిరిగింది; విద్యార్థులు అండగా నిలిచారు. ఆనాడు 1856 నాటి చట్టం ఉంది, లోకసమ్మతి లేదు. నేడు చట్టమే లేదు. చట్టం చేయడానికి సంఖ్యాబలం కావలసిందే. న్యాయాన్యాయాలకు మాత్రం అది కొలబద్ద కాజాలదు. విద్యార్థుల ప్రశ్న తీర్పుతో ముగియలేదు. అది శాసనకర్తల మనస్సాక్షిని చేరింది.