పంపినా పోని మాట

నాన్న పోయిన మూడో నెలలో అమ్మ ఆయన ఫోన్ నా చేతికిచ్చి, "ఇందులో ఉన్నవన్నీ నీ కంప్యూటర్లోకి తీసేసుకుని, ఖాళీ ఫోన్ నాకివ్వరా. నాది పాడైపోయింది" అంది. అరగంట పని అనుకున్నా.

కేబుల్ పెట్టగానే ఫోన్ ఛార్జింగ్ మాత్రం మొదలుపెట్టి ఊరుకుంది. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్ల పద్ధతే అంత. ఒకప్పుడు ఫోన్లు పెన్‌డ్రైవ్‌లాగా మెమరీ మొత్తాన్ని కంప్యూటర్‌కి అప్పజెప్పేసేవి. 2011లో ఆండ్రాయిడ్‌లోకి ఎంటీపీ వచ్చింది. ఇందులో కంప్యూటర్ అడగాలి, ఫైలు ఫోనే ఇవ్వాలి. అదీ తెర మీద మనిషి ఒప్పుకున్నాకే. 'డేటా చూడనివ్వాలా?' అని అది అడిగింది నాన్నని. 'సరే' అని నొక్కింది నేను. పిన్ అమ్మ చెప్పింది. ఆయనుండగా తనెప్పుడూ వాడలేదట.

ఫొటోలతో పేచీ లేదు. వాట్సాప్ వాయిస్ నోట్స్ దగ్గర ఆగిపోయా. వారానికో ఫోల్డర్. వచ్చినవీ, ఆయన పంపినవీ కలిసే ఉన్నాయి. ఫైలు పేరులో తేదీ ఉంటుంది, ఎవరికన్నది ఉండదు. ఒకటి తెరిచాను. బాబాయితో నా గురించి. "వాడు ఫోన్ చేస్తాడు గానీ, మాట్లాడడురా" వరకూ విని ఆపేశా.

తాతయ్య ట్రంకుపెట్టెలో ఉత్తరాలుండేవి. అన్నీ ఇతరులు ఆయనకి రాసినవే. ఆయన రాసినవి ఎవరెవరి ఇళ్లలోనో ఉండిపోయాయి, లేదా పొయ్యిలోకి పోయాయి. పంపడమంటే చేయి దాటిపోవడమే అప్పట్లో. ఇప్పుడు పంపినా పోదు. నకలు వెళ్తుంది, అసలు మన దగ్గరే పడుంటుంది. అలా నాన్న బాబాయికిచ్చిన మాట నాకూ వచ్చిపడింది, ఎవరూ ఇవ్వకుండానే.

చనిపోయినవాళ్ళకి రహస్యాలేంటి అన్నాడు ఒక ఫ్రెండ్. నేనొప్పుకోను. కొడుకుగా ఫోన్ మీద నాకు హక్కుందేమో. ఆ మాట ఎవరు వినాలో మాత్రం నాన్న ముందే తేల్చేశాడు.

పోనీ చెరిపేద్దామా? అమ్మ అన్న 'తీసేసుకోవడం' నిజానికి ఏ కంప్యూటర్‌కీ రాదు. ఒక యంత్రం నుంచి ఇంకోదానికి 'కట్' చేయడమంటే కాపీ చేసి, ఆనక అసలుని చెరపడమే. ఏ ఫైలూ కదిలి రాదు. ఆ చెరిపే చెయ్యి నాదే అవ్వాలి.

బాబాయికి ఫోన్ చేసి, ఏం చెయ్యమంటావని అడిగా. కాసేపు మాట్లాడలేదు.

"నీకెందుకురా అవి. నా దగ్గరున్నాయిలే."

ఫొటోలు మాత్రం కాపీ చేసుకుని అమ్మకి కొత్త ఫోన్ కొన్నాను. నాన్నది బీరువాలో ఉంది. నెలకోసారి తీసి ఛార్జింగ్ పెడుతోందట.