ముత్తాతగారి కారు

ముత్తాత కొన్న అంబాసిడరు కారులో తాత, తండ్రి, మనుమడు మూడు తరములుగా కూర్చుండి హైదరాబాదునుండి కాశికి బయలుదేరినపుడు, ఇది నిజముగా ముత్తాత కొన్న కారేనా యను ప్రశ్న ఆ పిల్లవానికి పుట్టక మానదు. ఏలయన ఇంజను మారినది, గేరుబాక్సు మారినది, తుప్పుపట్టిన తలుపుల స్థానమున వేఱు తలుపులు వచ్చినవి. 2014లో ఉత్తరపారా కర్మాగారమున ఆ కార్ల నిర్మాణమే నిలిచిపోయినందున, ఇప్పుడు దానికి వలయు అవయవములు పెక్కింటిని, విప్పివేసిన తోడి కార్లనుండియే తెచ్చి బిగింపవలసియున్నది.

ఈ ప్రశ్న బాల్యచాపల్యము కాదు. యవనరాజు మిళిందునితో నాగసేన భిక్షువు జరిపిన సంవాదము పాళీగ్రంథమున రథమును గూర్చిన విచారణతోనే ఆరంభమగును. ఇరుసు రథము కాదు, చక్రములు కావు, నొగ కాదు, వీనికి వెలిగా రథమను వేఱు వస్తువును లేదు. వీని కూర్పునుబట్టి లోకము చేసికొన్న వ్యవహారమే రథము, మనుష్యుడును అట్టివాడేయని ఆయన నిష్కర్ష. వైశేషికులు దీని కొప్పుకొనక, అవయవములకంటె భిన్నముగా అవయవి యొకటి కలదందురు. అయినను వారి మతమున వస్త్రమునుండి ఒక్క దారము తీసినను పూర్వవస్త్రము నశించి నూతనవస్త్రము పుట్టును గనుక, వారి లెక్కనుకూడ ముత్తాత కారు ఏనాడో పోయినట్లే.

శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యమున, రెండవ అధ్యాయపు ద్వితీయపాదమున, సర్వమును క్షణముననే నశించునను బౌద్ధుల క్షణికవాదమును ఖండించుచు త్రొక్కిన త్రోవ నాకు మిక్కిలి గంభీరముగా తోచును. నిన్న చూచినదానినే నేడు చూచుచున్నానను గుర్తింపు సాదృశ్యమువలన కలిగినదేయని వాదించినను, ఆ రెండు క్షణములను పోల్చుటకు రెండింటను నిలిచియున్న ద్రష్ట యొకడు కావలెను గదా. కావున ఏకత్వమును వస్తువునందుగాక చూచువానియందే వెదకవలెను.

అయితే ఇచ్చటనే నాకొక చిక్కు కనబడుచున్నది. ఒక మనుష్యుని విషయమున ఈ ద్రష్ట చాలును. కుటుంబము విషయమున చాలడు. కారు కొన్నవాడు గతించెను; వెనుకసీటున కూర్చున్న మనుమడు ఆ తొలిదినమును చూడలేదు. నడుమనున్న తాత యొకవేళ రెండు కొసలను చూచినను, తరములన్నిటను నిలిచి చూచు కన్ను ఒక్కటియు లేదు.

కారు కాశికి పోవు ఆ దారియు ఇట్టిదే. 1830 మే 18న చెన్నపట్టణమునుండి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు పల్లకిలో, పెద్ద పరివారముతో, హైదరాబాదు, నాగపురము, జబల్పూరుల మీదుగానే కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరిరి. నేడు బోయీలు లేరు, నాటి అడవులు లేవు, తిల్వారాఘాటున నర్మదపై వంతెన నిలిచినది; అయినను తెలుగువాడు ఆ దారిని పోవునపుడు పెద్దలు చేసిన కాశీయాత్రనే తానును చేయుచున్నానని భావించును. ఆ భావమునకు ఆధారము వీరాస్వామయ్యగారు దినచర్యగా వ్రాసిపెట్టిన యాత్రాచరిత్రయు, దానిని మనదిగా చదువుకొన్న శ్రద్ధయును.

కాశిలో తాత గంగలో నిలిచి తర్పణము విడుచునపుడు, గోత్రముతో తండ్రి, పితామహ, ప్రపితామహుల పేర్లు చెప్పును. ఆ మూడవవానిని ఆయన చూచియుండుట అరుదు. చూడనివానికి నీళ్లు విడుచుటకు స్మృతి చాలదు. విన్నమాటయందు విశ్వాసమును, ఆ ఋణము నాదేయను అంగీకారమును కావలెను. వంశమున కేకత్వము ఇట్టి అంగీకారమువలననే సిద్ధించునని నేను నమ్ముచున్నాను. అట్లే కారున అవయవములెన్ని మారినను, దానిని పోషించు భారమును ఒకరి తరువాత ఒకరు ఎడతెగక తలకెత్తుకొన్నందువలననే, ఆ కారు ముత్తాతగారి కారే.

ఇట్టి ప్రయాణమునకు సిద్ధపడు గృహస్థులకు నాదొక విన్నపము. నిర్మలు దాటి నాగపురము చేరులోపల, ఏ భాగము ఏ యేట, ఏ యూర, ఏ మెకానిక్కు చేత మార్పబడినదో పెద్దలచేత చెప్పించి, పిల్లలచేత ఒక పుస్తకమున వ్రాయింపుడు.