ధాన్యమునకు చేపలు



మా అత్తిలి ప్రాంతములో పెద్దవయస్సు తల్లులను అడిగినయెడల, రూపాయి చేతబట్టకయే సంసారము నడిపిన దినములు వారికి నేటికిని జ్ఞాపకమున్నవి. గోదావరి కాలువల క్రింద సార్వా, దాళ్వా అని రెండు పంటలు పండెడి సీమ గనుక ఇక్కడ ధాన్యమే నాణెముగా చెల్లెను. కోతకూలి ధాన్యమే. ఉప్పునకు ధాన్యమే, తేగలకు ధాన్యమే, కుండలకు ధాన్యమే. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచము. ఈ లెక్క బడిలో చెప్పకపోయినను మా పేటలో పిల్లలందరికి వచ్చును. 1956లో ప్రభుత్వమువారు తూనికలు కొలతల చట్టము చేసి కిలోను తెచ్చిరి గాని, నేను పదేండ్ల బాలుడనైయున్న 1980 ప్రాంతమున కూడ మా యింట తవ్వయే చెల్లెను.

ఆ మారకములలో ఏది న్యాయము, ఏది అన్యాయము అను ప్రశ్న నన్ను చాలకాలముగా విడువకున్నది. ప్రసంగవేదికమీద చెప్పదగిన సంగతిగా దీనిని వ్రాయుట లేదు. నేను చేసినదే చెప్పుచున్నాను.

కోతలు అయిన దినములలో కొల్లేటి దిక్కునుండి ఒక స్త్రీ తట్టతో చేపలు తెచ్చెడిది. ఆకివీడు వైపునుండి రైలులో వచ్చి, అత్తిలి స్టేషనులో దిగి, మా పేటకు నడిచి వచ్చెడిది. మట్టగిడసలు, జెల్లలు, ఒక్కొక్కసారి చిన్న కొర్రమీనులు ఉండెడివి. మా అమ్మయొద్ద ఉన్న ధాన్యము కోసినవారి వెనుక నడుము వంచి యేరిన పరిగె. రూతు చరిత్ర చదువునప్పుడెల్ల నాకు బేత్లెహేముకంటె ముందు మా కాలువగట్టు చేలే కనబడును.

ఒకనాటి ఉదయమున ఆమె రెండు తవ్వలు అడిగెను. అమ్మ ఒక్కటే యిచ్చెదననెను. ఆమె తట్ట నెత్తికెత్తుకొని వెళ్లిపోయెను. నేను ఏడ్పుమొగము పెట్టగా అమ్మ, "ఎండెక్కనీరా అబ్బాయ్, అదే దిగుద్ది" అనెను. అట్లే మధ్యాహ్నమునకు ఆమె తిరిగి వచ్చెను. తట్టమీది తడిగుడ్డ ఎండిపోయెను. "సరే ఒదినా, ఆ తవ్వే పొయ్యి. బండి టైమవుతుంది" అనెను.

ధాన్యము కొలిచి తెమ్మని అమ్మ నన్ను లోపలికి పంపెను. వీధిలో పీచుమిఠాయి అమ్మువాడు గంట వాయించుచుండెను. వానికిని ధాన్యమే కావలెను. నేను తవ్వ అడుగున రెండు గుప్పెళ్లు తాలు పోసి, పైన గట్టి గింజలు నింపి, మిగిలిన గింజలను చొక్కా జేబులో దాచుకొంటిని. చేపల ఆమె సాధారణముగా చేట అడిగి చెరిగిగాని తీసికొనెడిది కాదు. ఆ దినమున తవ్వలోనికి చూచి, "పార్దన చేసుకునే ఇల్లు కదా బాబూ, చెరగక్కర్లేదులే" అని సంచిలో పోసికొనెను. పైగా రెండు మట్టగిడసలు కొసరు వేసెను.

మరుసటి కోతలకు ఆమె రాలేదు. ఏల రాలేదో యెరుగను. తాలు చూచినందుననే అని అనుకొనుట పిల్లవాని భయము కావచ్చును. పెద్దవాడనైన తరువాత ఆకివీడు పరిసరములలో కూటములకు వెళ్లినప్పుడు ఆ ముఖము వెదకితిని. పేరైనను తెలియనివారిని ఎట్లు వెదకుదుము? అప్పటికి కొల్లేరు చుట్టు చేపల చెరువులే వ్యాపించియుండెను. 1999లో సరస్సును అభయారణ్యముగా ప్రకటించిరి. 2006లో సరస్సులోని చెరువుల గట్లు కొట్టివేసిరి. తట్టతో రైలెక్కి ధాన్యమునకు తిరిగెడివారు మాత్రము నాకు కనబడలేదు.

సెమినరీలో ఆమోసు గ్రంథము చదువుచు ఎనిమిదవ అధ్యాయమునకు వచ్చితిని. గోధుమలలోని చెత్తను బీదలకు అమ్మజూచిన వర్తకులను ప్రవక్త గద్దించు చోట నా చొక్కాజేబు నాకు జ్ఞాపకమువచ్చి పుస్తకము మూసితిని. అయినను ఆ పాపము ఒక విధముగా సులభమైనది. అది దొంగతనము, దానికి పేరున్నది. ధర్మశాస్త్రములోను సామెతలలోను దొంగకొలత దేవునికి హేయమని స్పష్టముగా నున్నది. దానినిగూర్చి తర్కింప నక్కరలేదు.

నాకు కష్టమైనది మా అమ్మ సంగతి. అమ్మ అబద్ధమాడలేదు, తప్పుకొలత కొలువలేదు. ఎండెక్కువరకు ఊరకుండెను, అంతే. ధాన్యము గాదెలో ఏడాది యుండును. చేప సాయంకాలమువరకైనను ఉండదు. కాగా ఉదయమున రెండు తవ్వలైన చేపలు మధ్యాహ్నమునకు ఒక తవ్వ ఆయెను. తగ్గిన ఆ తవ్వ చేపలది కాదు, రైలు తప్పిపోవునను ఆమె దిగులుది. ఇద్దరును ఒప్పుకొనిరి. ఇద్దరును నవ్వుచు విడిపోయిరి. అది న్యాయమేనా?

మా అమ్మను నేను నిందించుట లేదు. ఆషాఢములో గాదె ఖాళీయైనప్పుడు ఆమెయే పెద్దరైతు వాకిట నిలుచుండి బస్తా ధాన్యము తెచ్చుకొని, కోతలలో బస్తాన్నర కొలిచెడిది. అప్పుడు ఆగలేనివారము మేము, ఆగగలిగినవాడు ఆ రైతు. ఆయనయు అబద్ధమాడలేదు. ఏశావు పొలమునుండి అలసి వచ్చి కూటికొరకు జ్యేష్ఠత్వమును ఇచ్చినప్పుడు యాకోబు కొలతలో మోసము చేసెనని ఎవడు చెప్పగలడు? ఏశావు జ్యేష్ఠత్వమును తృణీకరించెనని వాక్యము చెప్పుచున్నది, అది నిజమే. కాని అన్న ఆకలి తీరువరకు యాకోబు ఎందుకు ఆగలేదని నేను అడుగక మానను.

మరియొక విధమైన మారకమున్నది. అందులో ఒకరికి తెలియును, మరియొకరికి తెలియదు. స్టీలు సామాను పల్లెలకు క్రొత్తగా వచ్చిన దినములలో మా అమ్మమ్మగారి కంచుచెంబు ఇచ్చి, మూతగల స్టీలు డబ్బా తీసికొన్నాము. కంచు విలువ ఆ వర్తకునికి తెలియును. మాకు తెలిసినది స్టీలు మెరుపు. అయితే అమ్మ ఆ డబ్బాను కడవరకు ముద్దుగా వాడుకొనెను. ఇందులో నష్టపోతిమని ఆమెతో ఎన్నడును చెప్పలేదు. సంతోషముగా నున్నవారిని మోసపోయితిరని ఒప్పించుట కాపరి పని కాదని అప్పుడనుకొంటిని. ఇప్పుడు అంత నిశ్చయముగా చెప్పలేను.

మార్టిన్ లూథరు 1524లో వర్తకమునుగూర్చి ఒక చిన్న గ్రంథము వ్రాసెను. నా సరకు, నాకు ఎంత వచ్చునో అంతకు అమ్ముకొందునను వర్తకుల సూత్రమును ఆయన అందులో తీవ్రముగా ఖండించెను. పొరుగువాని అక్కరను చూచి ధర పెంచుట ఆ అక్కరనే అమ్ముట యని ఆయన భావము. సెమినరీలో దీనిమీద నాకు మంచి మార్కులు వచ్చినవి. పాఠము వచ్చుట వేరని 2020లో తెలిసికొంటిని.

ఆ సంవత్సరము మార్చి 25న దేశమంతట లాక్‌డౌను మొదలాయెను. గుడి మూతపడెను, కానుకలు లేవు. అయినను పార్సనేజిలో బియ్యముండెను. సంక్రాంతి నెలలో కోతపండుగకు వచ్చినవియు, స్త్రీలు ప్రతి పూట అన్నము వండునప్పుడు తీసిపెట్టి తెచ్చిన గుప్పెడు బియ్యమును కలిపి మూడు బస్తాలు. తాపీపనికి కూలిగా వెళ్లు ఒక సహోదరుడు ఏప్రిల్ నెలలో ఒక సాయంకాలము వచ్చెను. పనులు లేవు, రేషను కార్డు అత్తవారి ఊరిలో నుండెను, వెళ్లుటకు దారి లేదు. వట్టిచేతులతో అడుగుట ఇష్టములేక తన చూడిమేకను త్రాడుతో పట్టుకొని వచ్చెను. "అయ్యగారూ, ఇది ఉంచుకుని ఒక బస్తా ఇప్పించండి" అనెను. నేను ఇరువదియైదు కిలోల బస్తా ఇచ్చి, మేకను పెరటిలో కట్టించితిని. ఆయన రెండు చేతులెత్తి దండము పెట్టెను. మంచి పని చేసితినని ఆ రాత్రి సుఖముగా నిద్రించితిని.

బియ్యము వెయ్యిన్ని రెండువందలు ఉండవచ్చును. మేక ఆరువేలకు తక్కువ కాదు. మరల గుడి తెరచినప్పుడు ఆ సహోదరుడు సాక్ష్యమిచ్చుటకు లేచి, కరోనాలో అయ్యగారే మమ్మును బ్రతికించిరని చెప్పెను. సంఘమంతయు స్తోత్రము చెప్పెను. నేను నేలవైపు చూచితిని. ఆ వారము ఆదికాండము నలుబది యేడవ అధ్యాయము తీసి చదివితిని. కరవులో రూకలు అయిపోయిన పిమ్మట ఐగుప్తీయులు గుఱ్ఱములను, గొఱ్ఱెలను, పశువులను, గాడిదలను యోసేపునొద్దకు తోలుకొనివచ్చి ఆహారము తీసికొనిరి. మరుసటి యేట భూములను, తమ్మును తామే ఇచ్చివేసిరి. తుదకు, నీవు మమ్మును బ్రదికించితివని యోసేపుకు కృతజ్ఞత తెలిపిరి. ఆ మాట ఇదివరకు నేను యోసేపు ఘనతగానే బోధించితిని. యాజకుల భూమిని మాత్రము యోసేపు కొనలేదనియు, వారికి ఫరో ఇచ్చెడి భోజనము ఉండెననియు ఆ అధ్యాయములోనే యున్నది. అక్కడ నేను ఆగిపోయితిని. మా బస్తాలో ఉన్నది ఎవరి బియ్యము? ఆ సహోదరుని భార్యయు ప్రతి వారము గుప్పెడు బియ్యము తెచ్చిన స్త్రీయే. వారి గుప్పెడును కలిపియే వారి మేకకు మారుగా నేను ఇచ్చితిని.

ఐదువేలు కవరులో పెట్టుకొని వారి యింటికి వెళ్లితిని. ఆయన ముఖము చిన్నబోయెను. "డబ్బులిత్తే అది బేరమైపోద్దండి అయ్యగారూ. నేను బేరానికి రాలేదండి" అనెను. ఆయన మనస్సులో అది మారకము కాదు; ఒకరి అక్కరకు ఒకరు ఇచ్చుకొనినది. లెక్క వేసినవాడను నేనే. నేను డబ్బిచ్చినయెడల నా మనస్సు తేలికపడును, ఆయన సాక్ష్యము బేరముగా మారును. ఇయ్యకుంటినా, మేక నా పెరటిలోనే యుండును. ఏది న్యాయమో తెలియక కవరు జేబులో పెట్టుకొని తిరిగి వచ్చితిని.

ఆ సంగతి మా అమ్మగారితో, అనగా నా భార్యతో, చెప్పితిని. మేక అప్పటికి రెండు పిల్లలను ఈనెను. ఆమె మరుసటి దినము నన్నడుగకయే తల్లిమేకను, ఒక పిల్లను త్రాడుతో పట్టుకొని వారి యింటికి నడిచిపోయి, "మాకు మేపేవాళ్ళు లేరమ్మా, మీ దగ్గరే ఉండనీ" అని వారి చిన్నపిల్లచేతికి త్రాడు ఇచ్చి వచ్చెను. ఆ మాట అబద్ధమేమియు కాదు. నాకు మేకలను మేపుట రాదు. వారు కాదనలేదు.

రెండవ పిల్ల ఇంకను మా పెరటిలో పెరుగుచున్నది. ఆదివారము ఆరాధన అయిన తరువాత ఆ చిన్నపిల్ల వచ్చి, రావి రెమ్మలు విరిచి దానికి మేత వేసి పోవుచుండును.