భుజం మీద చెయ్యి

కొన్ని ఇంగ్లీషు మాటలకి మన ఇళ్ళల్లో మనం సొంత అర్థాలు ఇచ్చుకున్నాం. "ఎన్లార్జిమెంటు" అలాంటి మాట. నిఘంటువు చూస్తే పెద్దది చేయడం అని ఉంటుంది, అంతే. మా కోనసీమలో మాత్రం "ఆవిడది ఎన్లార్జిమెంటు చేయించారండీ" అన్నారంటే, ఆవిడ ఇక లేదని వేరే చెప్పనక్కర్లేదు. బతికున్నన్నాళ్ళూ ఆవిడ గ్రూపు ఫోటోలో రెండో వరసలో, కందిగింజంత మొహంతో, ఎవరి వెనకో నిలబడి ఉంటుంది. పోయాక మాత్రం పది పన్నెండు అంగుళాల పటంలో గోడెక్కి, గంధపుపూసల దండ వేసుకుని, హాల్లోకి వచ్చే వాళ్ళందర్నీ ఎదురుగుండా చూస్తుంది. బతికుండగా ఆవిడకి హాల్లో కూర్చునే తీరిక ఏనాడూ లేదు.

మనిషిని పెద్ద చేయడానికి పోయేదాకా ఎందుకు ఆగుతాం అన్నది ఒక ప్రశ్న. అందరూ అడిగేదే. నన్ను ఎన్నో ఏళ్ళుగా తొలుస్తున్నది దాని పక్కనే ఉన్న ఇంకో ప్రశ్న. ఒకరిని పెద్ద చేసేటప్పుడు, పక్కన నిలబడ్డవాళ్ళ సంగతేమిటి?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో దొరకలేదు. ఆవకాయ జాడీల మధ్య దొరికింది. నేను ఐనవిల్లి కోడల్ని. ఐనవిల్లి అనగానే సిద్ధివినాయకుడు గుర్తొస్తాడు అందరికీ. పిల్లల పరీక్షల ముందు కలాలు తెచ్చి ఆయన పాదాల దగ్గర పెట్టించినవాళ్ళు మీలోనూ ఉండే ఉంటారు. నాకు మాత్రం ఆ ఊరనగానే మా అత్తవారింట్లో చీకటికొట్టు కూడా గుర్తొస్తుంది. పాత మండువా ఇళ్ళల్లో ఉండేది చూడండి, కిటికీ లేని గది, అందులో ఊరగాయలు, బెల్లం, చింతపండు, దించిన కొబ్బరికాయల రాశి. 1970లలో ఆ గదిలో సగం మా మరిది ఆక్రమించాడు. అతనికి ఫోటోల పిచ్చి. తీయడంతో సరిపెట్టుకోక, కడగడం, పెద్దవి చేయడం అన్నీ ఇంట్లోనే. ఒక పక్క ఆవకాయ, ఒక పక్క హైపో. "ఏ జాడీలో చెయ్యి పెడుతున్నారో చూసుకోండర్రా" అని అత్తగారు రోజుకోసారి హెచ్చరించేవారు.

ఎన్లార్జరు కూడా అతను తయారుచేసుకున్నదే. ఒక పాలపిండి డబ్బాలో బల్బు. దాని కింద రెండు గాజుపలకల మధ్య నెగెటివు. దాని కింద ఎవరి పాత కెమెరా నుంచో ఊడదీసిన లెన్సు. ఇదంతా పైకీ కిందికీ జరగడానికి ఒక కొయ్య స్తంభం. అడుగున పీట, మేం భోజనాలకి వేసుకునే పీటే. కెమెరా ఏమో బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ. ఒక రీలుకి పన్నెండు ఫోటోలు, ఒక్కోటి ఆరు సెంటీమీటర్ల చదరం. కాగితం ఊటీది. అక్కడ 1960లో పెట్టిన హిందూస్తాన్ ఫోటో ఫిల్మ్స్ కర్మాగారం "ఇందు" అన్న పేరుతో ఫిల్మూ కాగితమూ అమ్మేది. ఇప్పుడది మూతపడింది.

ఎర్ర బల్బు వెలుతుర్లో తెల్ల కాగితం మందునీళ్ళల్లో వేస్తే, ముందు జుట్టు, కంటిపాపలు, కాటుక తేలేవి. మొహం నెమ్మదిగా వాటి చుట్టూ వచ్చి చేరేది. తరవాత హైపోలో ముంచడం, ఆ హైపో పూర్తిగా పోయేదాకా నీళ్ళు మార్చి మార్చి కడగడం. సరిగా కడక్కపోతే ఏడాది తిరక్కుండా పసుపు మచ్చలు వస్తాయి. ఫోటో మరిదిది, నూతిలోంచి నీళ్ళు తోడడం నాది. చూసినవాళ్ళందరూ అతన్నే మెచ్చుకునేవారు లెండి.

అతను చెప్పిన లెక్క ఒకటి నాకు ఇప్పటికీ గుర్తుంది. బొమ్మ పొడుగూ వెడల్పూ రెట్టింపు చేస్తే, చోటు నాలుగింతలవుతుంది. బల్బు అదే, వెలుగు అంతే. ఆ కాస్త వెలుగే నాలుగింతల చోటుకి పరుచుకోవాలి గనక ఎక్కడికక్కడ దక్కేది దాదాపు పావు వంతు. "అందుకే వదినా, పెద్ద బొమ్మకి ఎక్కువసేపు ఆగాలి" అనేవాడు. మధ్యలో కరెంటు డీలా పడిందా, ఆ లెక్కా పోయే, కాగితమూ పోయే.

ఇంకో సంగతి అతను చెప్పలేదు, నేనే చూశాను. గ్రూపు ఫోటోలో ఒక్క మొహాన్ని పెద్ద చేయాలంటే డబ్బాని స్తంభం మీద బాగా పైకి జరపాలి. అప్పుడు ఆ ఒక్క మొహం కాగితం నిండా వస్తుంది. మిగతావాళ్ళు మాయమైపోరు. కాగితం దాటి, పీట దాటి, గచ్చు మీదా ఆవకాయ జాడీల మీదా పడతారు. ఒకసారి పెళ్ళికూతురి మేనమామ జాడీకి కట్టిన వాసెనగుడ్డ మీద నిలబడి ఉండగా చూశాను. దీపం ఆపేదాకా అక్కడే ఉన్నాడు పాపం.

ఇందులో తప్పేమీ లేదు. కాగితం చిన్నది, వెలుగు కొంచెం. ఎవరో ఒకరిని ఎంచుకోక తప్పదు. మనం మాత్రం రోజూ చేసేది ఇదే కదా. మేనకోడలు పెళ్ళి ముచ్చట చెప్పమంటే వంటవాళ్ళ దగ్గర్నుంచీ మొదలెట్టం. చెప్పకుండా వదిలిపెట్టడం అబద్ధం కాదు. అబద్ధం ఎక్కడ మొదలవుతుందో నాకు చూపించింది ఇంకో ఫోటో.

కాలవ అవతలి ఊళ్ళో ఒక పెద్దావిడ పోయింది. ముత్తయిదువగా పోయింది. ఆవిడకి ఉన్నది ఒక్కటే ఫోటో, కూతురి పెళ్ళిలో మా మరిది తీసినది. నెగెటివు అతని దగ్గరే ఉంది. వరస చివర నిలబడి ఉందావిడ. కొడుకులొచ్చి పెద్దది చేసిపెట్టమన్నారు. చిన్న ఫోటోలో ఎవరికీ కనిపించనిది పెద్దదాంట్లో కనిపించింది. ఆవిడ ఎడమ భుజం మీద ఒక చెయ్యి. గాజుల్లేని మణికట్టు.

ఆ చెయ్యి ఆవిడ ఆడపడుచుది. పదహారో ఏటే భర్త పోయి పుట్టింటికి వచ్చి, ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ఆ కొడుకులకి స్నానాలు పోసి, అన్నాలు పెట్టి, బడికి పంపింది ఆవిడే. శుభకార్యం ఫోటోలో తను ఉండకూడదని పక్కకి తప్పుకుంది. కానీ వదినగారికి అప్పటికే ఒంట్లో బాగుండేది కాదు. నిలబడలేకపోతోందని, మనిషి తప్పుకున్నా చెయ్యి మాత్రం తియ్యలేదు. ఫోటోలో మనిషి లేదు, చెయ్యుంది.

"ఆ చెయ్యి తీసెయ్యి బాబూ, పూజ చేసుకునే పటం" అన్నాడు పెద్దకొడుకు. వాళ్ళు కర్కోటకులేం కాదు. తల్లి పోయిన దుఃఖంలో ఉన్నారు. లోకం ఏది శుభమని చెప్పిందో అది తల్లికి దక్కాలనుకున్నారు. మా మరిది కాసేపు నెగెటివు వంక చూసి, "నాకు చేతకాదండీ" అన్నాడు. నిజానికి అతనికి వచ్చు. సన్న కుంచె, నల్ల రంగు ఉంటే అరగంట పని. వాళ్ళు వెళ్ళాక అత్తగారు ఫోటో దీపం దగ్గరికి తీసుకెళ్ళి చూసి, "చెయ్యి తీసేస్తారు సరే, ఈవిడ దానిమీదకి వాలి నిలబడిందే, ఆ వాలు ఎక్కడికి పోతుందిరా?" అన్నారు.

వాళ్ళు పట్నంలో స్టూడియోకి పట్టుకెళ్ళి తీయించుకున్నారు. పని శుభ్రంగానే చేశారు. గోడమీద ఆవిడ ఒక పక్కకి వాలి, ఏమీ లేనిదాని మీద ఆనుకుని ఉండేది. రోజూ ఆ పటానికి పువ్వులు పెట్టేది ఏ చెయ్యో మీకు చెప్పనక్కర్లేదనుకుంటాను.

ఎంచుకోవడం వేరు, చెరపడం వేరు అని నాకు ఆ రోజు తెలిసింది. ఎంచుకున్నప్పుడు, పక్కవాళ్ళు కాగితం దాటి ఎక్కడో ఒకచోట ఉంటారు. ఉన్నారని మనకీ తెలుసు. చెరిపినప్పుడు, వాళ్ళు అసలు లేరని పటం చేత సాక్ష్యం చెప్పిస్తాం. చెరిపేవాళ్ళు రాజులైతేనేం, మనలాంటివాళ్ళైతేనేం, పని ఒకటే. రష్యాలో మాస్కో–వోల్గా కాలవ గట్టున స్టాలిన్ పక్కన నడుస్తున్న నికొలాయ్ యెజోవ్ ఫోటో ఒకటుంది. ఎంతోమందిని చంపించిన పోలీసు అధిపతి ఆయన. 1940లో ఆయన్నే కాల్చి చంపారు. ఆ తరవాత అదే ఫోటోలో ఆయన నిలబడ్డచోట కాలవ నీళ్ళు కనిపించాయి. కాలవగట్ల మీద బతికినదాన్ని కనక, ఆ నీళ్ళు తలుచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

ఆడవాళ్ళని చెరపడానికి కుంచె కూడా అక్కర్లేదు. మన దేశంలో పత్రికలకి ఫోటోలు తీసిన తొలి మహిళ హోమాయ్ వ్యారావాలా (1913–2012). మొదట్లో ఆవిడ తీసిన ఫోటోలు భర్త పేరుతో అచ్చయ్యాయి. ఫోటోలో ఏ మార్పూ లేదు, కింద పేరే మారింది. ఆవిడకి పద్మవిభూషణ్ వచ్చేసరికి 2011. ఇంకా వెనక్కి పోతే, 1892లో రాజా దీన్‌దయాళ్ హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఇంగ్లీషావిడ చేతిలో ఉంచారు. ఫోటోలో పడడానికే అంత ఏర్పాటు కావలసిన స్త్రీలకి, పడ్డ కాసింత కూడా చెరిపేస్తే మిగిలేదేమిటి?

"ఆ ఆడపడుచుని అడిగితే ఆవిడే తీసెయ్యమని ఉండేది" అన్నారు మా పక్కింటివారు. నిజమే, అనే ఉండేది. అయితే మాత్రం, ఆవిడ చేత ఆ మాట అనిపించిందెవరు? ఒక మనిషిని బతుకంతా ఫోటోల్లోంచి పక్కకి నిలబెట్టి, ఆఖరికి ఆవిడ ఒప్పుకుందిగా అని చెప్పడం మనకి అలవాటైన న్యాయమే.

1986 ఆగస్టు గోదావరి వరదల్లో కోనసీమలో ఎన్నో ఇళ్ళల్లో పటాలు నీళ్ళపాలయ్యాయి. ఆ ఇంట్లో పటమూ పోయింది. మా మరిది నెగెటివులు బిస్కెట్ల డబ్బాలో అటకమీద ఉండి బతికాయి. మరుసటి ఏడు ఆ ఇంటి మనవరాలు వచ్చి బామ్మగారి ఫోటో మళ్ళీ కావాలంది. అప్పటికి ఆ ఆడపడుచు కూడా పోయింది. ఆవిడది ఒక్క ఫోటో కూడా లేదట. మా మరిది ఏమీ మాట్లాడకుండా నెగెటివు దీపానికి అడ్డంగా పట్టి చూపించాడు. ఆ పిల్ల చాలాసేపు చూసింది. "ఇది చిన్నబామ్మ చెయ్యి కదండీ. దీన్ని తీయకండి, ఆవిడది ఇదొక్కటే ఉంది" అంది.

ఇప్పుడు చీకటిగదులూ లేవు, ఎన్లార్జర్లూ లేవు. ఫోనులో రెండు వేళ్ళు విడదీస్తే ఎంత కావాలంటే అంత పెద్దది. ఫోటోలో అక్కర్లేని మనిషిని ఒక్క వేలితో తీసేసే సదుపాయం కూడా వచ్చింది. వెనకాల చెట్లో గోడో అదే పూరిస్తుంది. సముద్రపు ఒడ్డున అడ్డొచ్చిన ముక్కూమొహం తెలియనివాణ్ణి తీసేస్తే నాకు అభ్యంతరం లేదు. కానీ కుటుంబం ఫోటోలో విడాకులైన కోడల్నీ, పోట్లాడుకున్న తోడికోడల్నీ తీసేసినవి ఈమధ్య నాకు చూపిస్తున్నారు. నెగెటివు అటకమీద ఉంటే ఏ మనవరాలైనా వచ్చి అడగొచ్చు. ఫోనులో అసలుదాన్ని కూడా తుడిచేశాక ఏ మనవరాలు ఎవర్ని అడుగుతుంది?

తీయాలంటే తీసుకోండి, అసలు ఫోటో మాత్రం ఉంచండి. మీ పెట్టెలో ఉన్న పాతవాటి వెనక, పెన్సిలుతో మెల్లగా, అందరి పేర్లూ రాయండి. అంచున నిలబడ్డవాళ్ళ పేర్లు ముందు రాయండి. మధ్యలో కూర్చున్నవాళ్ళ పేర్లు ఎవరో ఒకరు ఎలాగూ గుర్తు పెట్టుకుంటారు.