నియమార్థ వివాదం – పాచిక తీర్పు

1987లో ఇంగ్లండులో వెలువడిన ‘వార్‌హామర్ 40,000’ బల్లపై చిన్న సైనిక బొమ్మలతో ఆడే యుద్ధక్రీడ. ఒక నియమానికి ఆటగాళ్లిద్దరూ భిన్నార్థాలు చెప్పి ఏకీభవించలేనప్పుడు, పాచిక వేసి ఆ ఆట మేరకు ఒక అర్థాన్ని పాటించాలని దాని నియమగ్రంథాలు కొన్ని సూచించాయి. పాచిక వివాదాన్ని ఆపగలదు గాని అర్థాన్ని నిర్ణయించలేదు. సమబలం గల విధులు పరస్పరం విరోధించినప్పుడు, వ్రీహి యవల విషయంలో వలె, మీమాంసకులు వికల్పాన్ని అంగీకరించారు. అయితే అది అష్టదోషదుష్టమనీ, గత్యంతరం లేనప్పుడే గ్రాహ్యమనీ అన్నారు. పాచికకూ ఈ మర్యాదే వర్తిస్తుంది. శబ్దాన్నీ సందర్భాన్నీ విచారించకముందే పాచికను కోరే ఆటగాడు తన దుర్బల వాదానికి సమాన అవకాశాన్ని అన్యాయంగా సంపాదించుకుంటాడు. కనుక పాచిక తీర్పులోని న్యాయం అంతకుముందు జరిగిన విచారణలోని నిజాయితీపై ఆధారపడుతుంది. గెలిచిన అర్థమే సరియైనదని ఆట ముగిసిన తరువాత వాదించే హక్కు ఎవరికీ లేదు.